ఎపిఫానియో తాపీ దింపిన రోజు

గోడ పాదంలో వేలు పెడితే తడి తగిలింది. ఫిబ్రవరి తర్వాత చుక్క వాన లేదు. మే నెల ఎండకు మేకలు కూడా గడ్డి వెతకడం మానేసి నీడ వెతుక్కుంటున్నాయి. అయినా పాత కోటలోని ఆసుపత్రి గోడ లోపల మట్టి, కలిపి ఉంచిన పిండిలా మెత్తగా ఉంది. మేస్త్రీ ఎపిఫానియో ఉర్కిడెస్ వేలు తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

పెద్ద నదికి పన్నెండు మైళ్ళ ఇవతల, స్ట్రేహార్న్ వాళ్ళ పశువుల మేతభూమి మధ్యలో ఉంది ఆ పాత సైనిక కోట, ఫోర్ట్ ట్రాస్క్. దాన్ని కట్టమని తూర్పున ఎక్కడో కూర్చున్న అధికారి పంపిన పటంలో గోడలన్నీ కర్రవేనట. చుట్టూ ముప్పై మైళ్ళలో దూలానికి పనికొచ్చే చెట్టు లేదని ఆయనకెవరూ చెప్పలేదు. చివరికి నది ఒడ్డు మనుషులే పచ్చి ఇటుకలు కోసిపెట్టారు. సైనిక దళం కోట ఖాళీ చేసి వెళ్ళిపోయాక, కోటకంటే ఆ మట్టిపనే ఎక్కువకాలం బతికింది. మగవాళ్ళు ఇటుక పేర్చేవాళ్ళు. పూత మాత్రం ఆడవాళ్ళది. వాళ్ళ చేతిలో పనిముట్టు ఉండేది కాదు, అరచెయ్యే పనిముట్టు.

కోటను మళ్ళీ నిలబెట్టాలని వెల్డా స్ట్రేహార్న్ పట్టుపట్టి మూడేళ్ళయింది. వంటశాల అయింది, గుర్రాలశాల అయింది. ఇక ఆసుపత్రి మిగిలింది. జూలై వానలు వచ్చేలోగా ఉత్తరపు గోడకున్న సిమెంటు పూత వలిచి మట్టి మెత్తకపోతే అది కూలుతుంది.

"ఈ సిమెంటు పులిమిన వెధవ దొరికితే పశువుల తొట్లో ముంచుతాను" అంది వెల్డా, టోపీ వెనక్కి తోసుకుంటూ. ఈ మాట ఆమె చాలాసార్లు అంది. వాళ్ళ నాన్న పట్నం నుంచి ఎవరో మేస్త్రీని తెచ్చాడని ఆమె నమ్మకం. సిమెంటు లోపలి చెమ్మను బయటికి రానివ్వదు. గోడ నిలువునా కుళ్ళుతుంది.

ఎపిఫానియో ఎప్పటిలాగే ఏమీ అనలేదు. అతనికి డెబ్బయ్యారేళ్ళు. అందులో యాభై ఏడేళ్ళుగా ఆ ఊరుకోవడాన్ని మోస్తున్నాడు.

పూత తెలిసిన చెయ్యి ఇప్పుడొక్కటే ఉంది, అతని అక్క తొమాసాది. ఎనభై ఒకటి దాటినా సొంత ఇంటి గోడ తనే మెత్తుకుంటుంది. ఆ కోట గడప మాత్రం తొక్కదు. ఆదివారం ఆమె చిక్కుడుగింజలు, రొట్టెలు పెట్టాక అడిగాడు.

"అక్కా, ఒక్కసారి వచ్చి చూడరాదూ?"

"ఏం చూడను? నీ తాపీ మెరుపు చూడనా? ఒరే ఎపీ, పంతొమ్మిదేళ్ళ దొరవి, అమ్మనీ నన్నూ బురద బకెట్లతో వెనక్కి పంపావు. ముసలమ్మల అలుకుళ్ళకు కాలం చెల్లిందన్నావు. మరిచిపోయావా?"

"లేదు."

"గోడకి ఊపిరాడదురా అంటే నవ్వావు."

"నవ్వాను."

"మరి ఆవిడ ఇన్నేళ్ళూ ఎవర్ని తిడుతోందో ఆవిడకి తెలుసా?" అతను పళ్ళెంలోకి చూశాడు. "నా ముందు చెప్పు. అప్పుడొస్తాను."

మనిషి తన పనితనాన్ని బట్టే తలెత్తుకు తిరిగే చోట, పని చెడగొట్టింది నేనేనని చెప్పడం చిన్న సంగతి కాదు. నది పొడుగునా ఉన్న ఊళ్ళలో అతను కట్టిన ఇంటికి మరో ఇంటికంటే గౌరవమెక్కువ. సోమవారం పొద్దున పాత ట్రక్కులో అక్కను దింపాడు. గోడ దగ్గరే ఉన్న వెల్డా ముందుకెళ్ళి, టోపీ తీసి నిలుచున్నాడు.

"అమ్మా, పట్నం మేస్త్రీ ఎవరూ రాలేదు. మీ నాన్నగారు సిమెంటు తెచ్చారు. పూసింది నేను. వద్దన్నవాళ్ళని వెళ్ళగొట్టింది కూడా నేనే."

వెల్డా గోడకేసి చూసింది.

"ఇన్నేళ్ళు నా తిట్లు వింటూ నా కాఫీ తాగావన్నమాట."

"అవునమ్మా."

"అయితే ఎక్కడ మందంగా పూశావో గుర్తుండే ఉంటుంది. అక్కడినుంచి మొదలెట్టు. తొట్టి సంగతి తర్వాత చూస్తా."

గుర్తుంది. వాయువ్యపు మూల. సుత్తి దెబ్బకు పెద్ద పెళ్ళ ఊడి పడింది. దాని వెనక, సిమెంటు పట్టుకోవడానికి తను కొట్టిన మేకుల వరసలు తుప్పుపట్టి కనిపించాయి. మధ్యాహ్నానికి ఆ మూలే రెండడుగుల మేర జారి కూలింది. కొత్త ఇటుకలు పేర్చి, మిగతా గోడను మూడు వారాలు ఆరబెట్టారు.

పూత రోజున తొమాసా మట్టిలో తరిగిన గడ్డి, నాగజెముడు జిగురు కలిపించింది. ఎపిఫానియో అలవాటుగా తాపీ తీశాడు.

"దించు. చేత్తో" అంది. అతను మెత్తాడు. ఆమె చెరిపేసింది. "గోడని కొడుతున్నావు. పసిబిడ్డకి నూనె రాసినట్టు రాయి."

మళ్ళీ మెత్తాడు, మళ్ళీ చెరిపింది.

"పిల్లల్ని పెంచినవాడివేనా?"

"పెంచింది మా ఆవిడ."

"తెలుస్తోందిలే."

ఎనిమిదోసారి తొమాసా చెరపడానికి చెయ్యెత్తి, చెరపకుండానే దించేసింది. బకెట్ తీసుకుని పక్కకు జరిగింది.

జూలై రెండో వారంలో వాన వచ్చింది. ఎర్రనీళ్ళు గోడమీంచి జారాయి, అక్కడక్కడా పూత కరిగింది. వెల్డా వరండాలోంచి పరిగెత్తుకొచ్చి చూసింది. మర్నాటి పొద్దెక్కేసరికి గోడ పాదం దాకా ఆరిపోయి ఉంది. ఎపిఫానియో అప్పటికే గుంటలో కొత్త మట్టి నానేస్తున్నాడు.

"మొన్నేగా అయింది, ఇంకా ఎందుకు?" అంది వెల్డా.

"పోయినంత మళ్ళీ పెట్టాలమ్మా" అన్నాడతను, మోకాళ్ళ దాకా బురదలో. "అంతే పని."