దీక్షా శిబిరంలో గుప్పెడు బిళ్ళలు

మా పక్కింటి హనుమాండ్లు తెలంగాణ నినాదం ఎత్తుకుంటే దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో పావురాలు ఎగిరిపోయేవి. పుట్టింది పోచంపల్లిలో మగ్గాల ఇంట, బతుకు చీరల షాపులో సేల్స్‌మన్‌గా. ఎండకు తాళలేక షాపు నీడన ఊరికే ఆగినవాళ్ళకు కూడా నాలుగు చీరలు విప్పి చూపించందే వదిలేవాడు కాదు. అంత గొంతున్నవాడికి టీబీ అంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

సంగతి ఆయన భార్య రాజమ్మకూ నాకూ మాత్రమే తెలుసు. షాపులో తెలిస్తే ఆయన ముట్టిన చీర ఎవరు కొంటారు? ఆ భయంతో అందరికీ గ్యాస్ అని చెప్పుకున్నాడు.

మందులు సర్కారువి, మింగే చోటు మాత్రం డాక్టర్ పట్టాభి ప్రైవేటు క్లినిక్. ఇంటికి దగ్గరని సర్కారు దవాఖానవాళ్ళు హనుమాండ్లు పేరు రాసిన మందుల డబ్బా ఆ డాక్టరుకు అప్పగించారు. రోజు విడిచి రోజు ఆయన కళ్ళముందే మింగాలి, ఫీజు లేదు. పట్టాభిది గుంటూరు. సాయంత్రం "ఆంధ్రోళ్ళ పెత్తనం నడువది" అని అరిచిన నోటినే పొద్దున ఆంధ్రా డాక్టరు ముందు బుద్ధిగా తెరిచేవాడు మావాడు. "మింగారా? ఏదీ, నాలుక ఎత్తండి" అనేవాడు ఆయన.

ఇంతలో సకల జనుల సమ్మె. ఎల్బీనగర్ టెంటులో రిలే నిరాహార దీక్షకు హనుమాండ్లు వంతు సరిగ్గా మందు రోజే పడింది. కర్మన్‌ఘాట్ అంజన్నకు మొక్కి, మెడలో దండతో కూర్చున్నాడు. మందు సంగతి గుర్తుచేస్తే నన్నే కసిరాడు.

"దీక్షల గుప్పెడు బిళ్ళలు మింగితే బువ్వ తిన్నట్టు గాదా? ఒక్కపూట ఇడిస్తే ఏమైతది?"

నాకు ఒళ్ళు మండింది. మందు మానితే జబ్బు మొండికేస్తుందని, మళ్ళీ మామూలు మందులకు లొంగదని డాక్టరు చెప్పినప్పుడు పక్కన నేనూ ఉన్నాను మరి.

మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, రాజమ్మను అడిగి సంగతి తెలుసుకుని, సమ్మెతో బస్సులు లేకపోయినా పట్టాభి ఎండలో నడుచుకుంటూ టెంటుకే వచ్చేశాడు. ఒక చేతిలో మందుల పొట్లం, ఇంకో చేతిలో నీళ్ళ సీసా. దీక్ష విరమింపజేయడానికి ఎవరో నిమ్మరసం పట్టుకొచ్చారనుకున్నారు జనం.

శిబిరం నడిపే జానయ్య అడ్డం నిలబడ్డాడు. "ఏంది సారూ, పొద్దుగూకకముందే మావోని దీక్ష ఇడిపిస్తవా? గీ కుట్రలు మా కాడ నడువయి!"

చుట్టూ నినాదాలు మొదలయ్యాయి. "నేను ఆయనతోనే మాట్లాడాలండీ" అన్నాడు పట్టాభి, అంతే. రోగం పేరు ఒక్కటి చెబితే అందరూ నోరు మూసేవాళ్ళు. చెప్పలేదు. తిట్లు తింటూ నిలబడ్డాడు. ఆ మనిషంటే నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

హనుమాండ్లు కాసేపు చూశాడు. ఇక ఆగలేక లేచి మైకు అందుకున్నాడు. నినాదమిస్తాడనుకుని అందరూ పిడికిళ్ళు ఎత్తారు.

"నాకు టీబీ ఉన్నది. గీ సారు నాకు మందు మింగిపిస్తుండు. మందులు మన సర్కారు దవాఖానయే. జర సారును రానియ్యిండ్రి."

ఎత్తిన పిడికిళ్ళను ఎప్పుడు దించాలో ఎవరికీ తెలియలేదు. చాప మీద పక్కనున్న ఇద్దరు మెల్లగా జరిగారు. "వారాలుగా మందు పడుతోందండీ, ఇక ఆయన వల్ల మీకు భయం లేదు" అని పట్టాభి చెప్పినా మళ్ళీ దగ్గరికి రాలేదు. హనుమాండ్లు బిళ్ళలన్నీ మింగి, అలవాటు కొద్దీ నాలుక ఎత్తి చూపించాడు. మామూలుగా అయితే పడీపడీ నవ్వేవాణ్ణి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దీక్ష చెడిందా లేదా తేల్చాల్సింది జానయ్యే. ఆయన ఏమీ తేల్చలేదు. ఆ ఇద్దరూ ఖాళీ చేసిన జాగాలో, హనుమాండ్లుకు భుజం తగిలేలా వచ్చి కూర్చున్నాడు. మైకు దూరంగా జరిపి, గొంతు తగ్గించి డాక్టరును పిలిచాడు.

"సారూ, నాకు గూడ ఎన్నాళ్ళ సందో దగ్గు తగ్గుతలేదు. జర సూస్తవా?"