కొండ ఎత్తులో ముందు చోటు

మొన్న మా అంగడి ముందు ధాన్యం బండి ఒకటి వెనక్కి ఒరిగింది. బస్తాలన్నీ ఇరుసుకు వెనకపక్కనే వేశారు. నొగలు పైకి లేచి ఎద్దుల మెడపట్టెడలు బిగుసుకున్నాయి. కూలీలంతా పరుగెత్తి బస్తాలు ముందుకు లాగుతుంటే, నేను అరుగు మీద నిలబడి మా మేనత్తను తలుచుకున్నాను. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి ఈ మాట చెప్పుకోవడానికి మనిషి లేదు గనుక రాసుకుంటున్నాను.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు మా పెదనాన్నకు మన్యం అంచున ఉన్న ఒక కొండ ఊరు చూడాలని బుద్ధి పుట్టింది. ఆ ఊరికి దేవుడి పేరు కంటే వినోదాల పేరు ఎక్కువ. రంగులరాట్నాలు, దొమ్మరాట, తోలుబొమ్మలు, పెట్టెలో పట్నాల బొమ్మలు చూపేవాళ్ళు అక్కడ నెలల తరబడి మకాం వేసేవారు. పల్లపు ఊళ్ళవాళ్ళు గూడుబండ్లు కట్టుకుని వెళ్ళి, కొండ మీది వీధిలో మెల్లగా ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. పెదనాన్న బయటివాళ్ళు వండింది ముట్టడు. వంట కోసం ఆయన చెల్లెల్ని, అంటే మా మేనత్తను బండెక్కించారు. లేకపోతే ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు.

అత్తకు ఊహ తెలిసేలోపే భర్త పోయాడు. అలాంటి మనిషి ఎదురుపడితే పని చెడుతుందని లోకం నమ్మకం కదా, బండిలో ఎప్పుడూ వెనక గుమ్మం దగ్గర, వచ్చిన దారివైపు మొహం పెట్టి కూర్చునేది. దూరాన తొలి కొండ నీలంగా కనబడగానే నేను పెద్దగా అరిచాను. పుట్టిన దగ్గర్నుంచీ కాలవగట్టు తప్ప ఎత్తు ఎరగనివాణ్ణి.

"ఏంటిరా?" అంది అత్త.

"కొండ అత్తా."

"ఉండు, నాకూ వస్తుందిలే," అని బియ్యం మూట సర్దుకుంది. బండి దాటాక ఆ కొండ ఆమెకు కనిపించింది. అప్పటికి మేము మరో కొండను చూస్తున్నాం.

ఎత్తు మొదలవగానే మగవాళ్ళం దిగి నడిచాం. గిన్నెలు, మూటలు, అత్త అన్నీ వెనకే ఉండటంతో బండి తల ఎత్తేసింది. బండివాడు ఎద్దుల ముందుకు దూకి కాడి పట్టుకున్నాడు. "ముందుకి బరువు కావాలండి. ఎవరో ఒకరు రావాలండి."

"నేను లేనా?" అని పెదనాన్న ఎక్కబోయాడు.

బండివాడు ఆయన బక్క ఒంటిని కిందనుంచి పైదాకా చూశాడు. "తమరు ఎక్కినా ఎద్దులకి తెలీదండి బాబూ."

లెక్కలు నాకు ఎవరూ చెప్పలేదు, కాటా పక్కన నిలబడి నేర్చుకున్నాను. మనిషిని చూసి బరువు చెప్పేవాణ్ణి. ఈ విద్య మెచ్చిన చుట్టం ఒక్కడూ లేడు. మా ముగ్గురి బరువులూ మనసులో వేసుకుని, "అత్తే రావాలి," అన్నాను. పెదనాన్న దారికి ఆ చివరా ఈ చివరా చూశాడు. ఎవరూ లేరు. సరేనన్నాడు.

అత్త గూడు ముందుకు వచ్చి, నొగల మొదట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. కొండలు ఒకదాని వెనక ఒకటి ఆమెకు ఎదురొచ్చాయి. మోదుగులు పూసిన లోయ, బండరాళ్ళ మీద జారే నీళ్ళు, అడ్డాకుల మోపులతో దిగుతున్న మన్యపు ఆడవాళ్ళు. వాళ్ళు ఆమెను చూసి నవ్వి పోయారు, శకునం ఊసు వాళ్ళకు లేదు. అత్త కొండలకేసే చూస్తోంది. పైట కొంగు ఎగురుతున్నా సర్దుకోలేదు.

ఊళ్ళోకి వచ్చాం. రాట్నం ఇరుసు కీచుమంటోంది, బెల్లం పాకం వాసన, డప్పులు, జనం. పెదనాన్నకు కంగారు పుట్టింది. "ఇక వెనక్కి రావే."

అత్త కదలలేదు. ఆమె చేతులు గూడు బద్దను గట్టిగా పట్టుకోవడం చూశాను.

"వీధి ఇంకా ఎత్తేనండి," అన్నాడు బండివాడు, ఎద్దుల వైపే చూస్తూ.

పెదనాన్న నా వైపు తిరిగాడు. తూకాల విషయంలో ఇంట్లో నా మాటే చెల్లేది. "ఏరా, ఎత్తేనా?"

బండిలో చెంబు ఉంది. అందులో నీళ్ళు అంచుకు సరిసమానంగా నిలిచి ఉన్నాయి.

"ఎత్తే పెదనాన్నా. కొంచెం."

అలా వీధంతా చుట్టాం. దొమ్మరిపిల్ల గడ మీద నిలబడి చేతులు చాచినప్పుడు అత్త నోరు తెరుచుకుని చూసింది.

తిరుగుదారిలో మేము చెప్పకముందే ఆమె వెనక్కి జరిగింది. "దిగుడులో మెడల మీద బరువు పడుతుంది కదరా, పాపం," అంది. కొండ దిగాక, పెదనాన్న నిద్రపోతుంటే, నేను మెల్లగా చెప్పాను. "చదును నేలే అత్తా. ఎక్కడ కూర్చున్నా ఒకటే."

"ఊళ్ళు వస్తున్నాయిరా. ఎవరో ఒకరు పని మీద ఎదురొస్తారు," అని అక్కడే ఉండిపోయింది.

తరవాత ఎప్పుడైనా, ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేది. "ఆ రోజు ఎంతసేపు ముందు కూర్చున్నానురా?"

"జాము కూడా ఉండదు అత్తా."

"అంతేనా? ఇంకా ఎక్కువనుకున్నాను."

ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా నేను అదే జవాబు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు అడిగేవారు లేరు. వంటింట్లో ఒక్కడినే కూర్చుని ఆ ఎత్తును మనసులో మళ్ళీ ఎక్కుతుంటే, ఆమె చెప్పినట్టే అది జాములో తెమలడం లేదు. ఏటేటా పొడుగవుతోంది.