సింహాద్రి మావ ఎడమకాలు

మా ఫ్లాటులో వంటింటి నేల మార్పిస్తున్నాం. మొన్న ఉదయం పనివాడు కొత్తగా పరిచిన పలకల మీద సుత్తి పిడితో తట్టుకుంటూ వచ్చాడు. గట్టిగా వినిపిస్తున్న చప్పుడు పొయ్యిగట్టు దగ్గరికి వచ్చేసరికి డొల్లగా మారింది. అతను ఆగి, అదే పలకను మళ్ళీ తట్టి, తల వంచి విని, కింద సిమెంటు సరిగ్గా పట్టలేదన్నాడు. నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేలను అంత శ్రద్ధగా వినే మనిషిని అంతకుముందు ఒక్కరినే చూశాను. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ పొద్దంతా నాకు మరో పని మీద మనసు నిలవలేదు.

ఆయన పేరు సింహాద్రి. కౌలాలంపూర్‌లో ఒక చిన్న ట్యాప్ డాన్స్ బృందాన్ని నడిపేవాడు. ఆ నాట్యం చూడనివాళ్ళకు కాస్త చెప్పాలి. నర్తకుల బూట్ల అడుగున, వేళ్ళ కింద ఒకటి, మడమ కింద ఒకటి లోహపు బిళ్ళలు స్క్రూలతో బిగించి ఉంటాయి. చెక్కనేల మీద పాదం పడితే మోగుతుంది. కాబట్టి ఆడే మనిషే వాయించే మనిషి కూడా. ఏ ఊరికి ప్రదర్శనకు వెళ్ళినా మావ ముందుగా వేదికంతా తిరిగి, మూలమూలనా మడమతో తట్టి, ఎక్కడ ఎలా పలుకుతుందో వినేవాడు. ఆ తర్వాతే మమ్మల్ని సామాను దింపనిచ్చేవాడు. ఆయన సొంతవూరు ఏటి ఒడ్డున ఉన్న హుటాన్ మెలింటాంగ్. తండ్రి పడవలు బాగుచేసేవాడు. మావ వయసులో ఉండగా విహారనౌకలో వంటవాడిగా చేరి, అక్కడ ప్రయాణికుల కోసం ఆడే డాన్సర్ల దగ్గర ఈ విద్య పట్టుకున్నాడు. చేతులు ఉల్లిపాయలు తరుగుతుంటే కాళ్ళు సాధన చేసేవని చెప్పి నవ్వేవాడు.

నేను ఆయన్ని కలిసింది గొడవ పెట్టుకోవడానికి వెళ్ళి. అప్పుడు ఒక బీమా ఆఫీసులో గుమస్తాను. మా పై అంతస్తులోనే వాళ్ళ సాధన గది. ఫోనులో అవతలివాళ్ళ మాట వినపడడం లేదని, పైకెళ్ళి గట్టిగా చెప్పి రమ్మని మా మేనేజరు నన్ను పంపాడు. మలయ్‌లో నాలుగు వాక్యాలు మనసులో కూర్చుకుంటూ మెట్లెక్కాను. తలుపు తీసేసరికి ఐదారుగురు యువతీయువకులు, పియానో ముందు ఒక పెద్దాయన, మధ్యలో చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయిన సన్నటి మనిషి. చెప్పాల్సింది చెప్పాను. ఆయన ఓపిగ్గా విని పేరడిగాడు. పైడి అన్నాను. ఆయన ముఖం మారిపోయింది.

"పైడితల్లి పేరా? ఎక్కడోలివమ్మా నువ్వు?" అన్నాడు తెలుగులో.

ఆ నగరంలో మా ఇంటి గడప దాటాక ఆ యాసలో నన్ను పలకరించినవాళ్ళు లేరు. మాది రబ్బరు తోట కూలీల ఇల్లనీ, యజమాని తోట అమ్మేశాక పట్నం వచ్చామనీ చెప్పేలోపే ఇంకో ప్రశ్న వేశాడు. "కింద ఇనప బీరువా మీద దరువేస్తన్నది నువ్వేనా?"

సిగ్గుతో తల వంచుకున్నాను. తోటలో ఉన్నప్పుడు రామమందిరం భజనల్లో డోలకు వాయించేదాన్ని. తోటతోపాటు అదీ పోయింది. పైనుంచి అడుగుల చప్పుడు వస్తుంటే నాకు తెలియకుండానే స్కేలుతో పక్కనున్న బీరువా మీద వాయించేస్తున్నాను. అది నేల దాటి ఆయనకు వినిపిస్తోందని ఊహించలేదు. ఆయన కోప్పడలేదు. "బాగున్నాది. కానీ ఊపిరాడనివ్వవు. నాకు కూసింత సోటొదులు" అని, చేతులతో వాయించే ఒక చెక్కపెట్టె చూపించి దానిమీద కూర్చోమన్నాడు. కిందికి దిగేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయింది. వాళ్ళు సాధనను ఆఫీసు మూసేశాక పెట్టుకుంటామన్నారని మేనేజరుకు చెప్పాను. ఆయన సంతోషించాడు. ఆ సాయంత్రం నుంచి ఆఫీసు మూసేశాక నేనూ పైకే వెళ్ళాను.

మావ దగ్గర నేను నేర్చుకున్నది వాయించడం కాదు, ఆగడం. భజనలో డోలకు పాటను ముందుకు తోస్తుంది. అక్కడ ఖాళీ ఉంటే నింపడమే నా పని అనుకునేదాన్ని. మావ ఒప్పుకునేవాడు కాదు. కాలు నేలను తాకినప్పుడు చప్పుడు ఎటూ అందరికీ వినిపిస్తుంది, కాలు గాల్లో ఉన్నప్పుడు నేనేం చేస్తున్నానో చూసుకోమనేవాడు. ఆ గాల్లో ఉన్న కాసేపే ఆట అనేవాడు. మొదట్లో ఆ మాట నాకు బోధపడలేదు. పియానో వాయించే యాప్ గారు బడిలో సంగీతం చెప్పి రిటైరైన చైనీస్ పెద్దమనిషి, బహు మితభాషి. ఆయన చేతులు మీటల మీద తేలుతూ ఊరికే ఉండడం చూసి చూసి కొంత తెలుసుకున్నాను. నర్తకుల్లో నాదియా అనే మలయ్ అమ్మాయి అందరికంటే చురుకైనది. ఆమె పాదాలు చూసి ఇంకొంత తెలుసుకున్నాను. వారానికోసారి మావ మా అందరికీ చేపలపులుసు వండి తెచ్చేవాడు. మాలో పంది తినని వాళ్ళూ గొడ్డుమాంసం తినని వాళ్ళూ ఉన్నారు గనక చేపే అందరిదీ అనేవాడు. నేల మీద వార్తాపత్రికలు పరుచుకుని గుండ్రంగా కూర్చుని తినేవాళ్ళం. నాతో మాత్రం తెలుగే మాట్లాడేవాడు. అక్కడి మనవాళ్ళలో ఎక్కువగా నడిచే తమిళంలోకి నేను జారిపోతే, వినపడనట్టు కూర చూసుకునేవాడు.

ఆయనకు చాలా ఏళ్ళుగా షుగరు. మాత్రలు వేసుకుంటున్నానని చెప్పేవాడు. మేం నమ్మేవాళ్ళం. ఒక వానాకాలంలో సాధనలు చెడడం మొదలైంది. "తొందరపడతన్నావు పైడీ" అని నన్ను మాటిమాటికీ ఆపేవాడు. నేను వేగం సరిచూసుకున్నకొద్దీ ఇంకా గందరగోళమయ్యేది. ఒక సాయంత్రం అలాగే ఆపినప్పుడు యాప్ గారు మీటల మీంచి చేతులు తీసి ఒడిలో పెట్టుకుని, అమ్మాయి తొందరపడడం లేదు అని మెల్లగా ఇంగ్లీషులో అన్నారు. మావతో ఎవరూ అలా అనడం మేం ఎరగం. మావ తన పాదాల వంక కాసేపు చూసుకున్నాడు. తువాలుతో ముఖం తుడుచుకుని, ఇవాళ్టికి చాలన్నాడు.

ఆ తర్వాతి వారమే అది బయటపడింది. సాధన మధ్యలో నాదియా ఆగి నేల చూపించింది. చెక్క మీద ఎర్రటి మరకలున్నాయి. ఎవరో గులాబీ సిరప్ ఒలకబోశారనుకున్నాం. మరకల వెంట చూస్తే అవి మావ నిలబడ్డచోట ఆగాయి. ఆయన కూడా మా చూపుల వెంటే కిందికి చూశాడు. కుర్చీలో కూర్చుని ఎడమ బూటు విప్పాడు. ముందు బిళ్ళ వదులైతే తానే పొడుగాటి స్క్రూ వేసి బిగించాడట. అరిగిపోయిన అట్టలోంచి అది పైకి పొడుచుకొచ్చింది. మేజోడు తడిసి ముద్దయింది. వేరెవరి పాదాన్నో చూసినట్టు ఆయన దాన్ని చూశాడు.

"నొప్పి నేదు" అన్నాడు.

మాకు గుండెలు కుదుటపడ్డాయి. యాప్ గారి ముఖం మాత్రం పాలిపోయింది. ఆయన భార్యకు కూడా అదే జబ్బు. నొప్పి లేకపోవడమంటే ఏమిటో మా అందరిలో ఆయనకొక్కరికే తెలుసు.

పాదాలు మొద్దుబారి ఏడాది దాటిందని ఆసుపత్రిలో తెలిసింది. మావ ఎవరికీ చెప్పలేదు. నేల తగిలిందో లేదో కాలికి తెలియక, చప్పుడు చెవిన పడ్డాక తెలుసుకుని తరవాతి అడుగు వేస్తూ వచ్చాడు. ఇన్నాళ్ళూ ఆయన వెనకబడింది అందుకే. పుండు మానలేదు. ముందు వేళ్ళు తీశారు, తరవాత మోకాలి కింద నుంచి కాలే తీసేశారు. ఆసుపత్రి నుంచి ఆయన నేరుగా హుటాన్ మెలింటాంగ్ వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన అక్క అప్పలమ్మ అత్త ఎండుచేపలు, ఎండురొయ్యలు అమ్ముకుంటూ ఒంటరిగా ఉండేది. మేం ఫోన్లు చేస్తే ఆమే తీసేది.

అప్పటికే జార్జ్ టౌన్‌లో ఒక ప్రదర్శనకు మాట ఇచ్చి ఉన్నాం. ఏం చేయాలో తోచక అందరం వ్యాను మాట్లాడుకుని ఆయన దగ్గరికి వెళ్ళాం. మావ మర్యాదగా పలకరించాడు, అందరికీ అన్నం పెట్టించాడు. నాదియా ప్రదర్శన సంగతి ఎత్తగానే, బృందం అయిపోయిందనీ, తన బూట్లు ఎవరికి సరిపోతే వాళ్ళు తీసుకోండనీ మలయ్‌లో చెప్పి ముఖం తిప్పుకున్నాడు. మేం బయలుదేరుతుంటే గుమ్మం దాకా కూడా రాలేదు.

ఆ తర్వాత సెలవురోజు చూసుకుని నేనొక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. ఏదో సాధించాలని కాదు. నాకు ఆయన్ని చూడకుండా ఉండబుద్ధి కాలేదు. అప్పలమ్మ అత్త వాకిట్లో రొయ్యలు ఎండబెడుతూ, "మాటాడడమ్మా. పెడితే తింతాడు, నేకపోతే నేదు" అంది. ఇంటి వెనక ఏటి మీదికి కట్టిన చెక్కవంతెన ఉంది. పడవలు కట్టేది అక్కడే. దాని చివర ప్లాస్టిక్ కుర్చీలో మావ కూర్చుని ఉన్నాడు. పక్కన బోర్లించి ఉన్న చేపల పెట్టె మీద కూర్చున్నాను. ఆటుకు నీరు తగ్గి బురద కనిపిస్తోంది.

"మడమ నొప్పెడతంది పైడీ" అన్నాడు.

నేను ఆయన కుడిపాదం వైపు చూశాను.

"అది కాదు. కోసేసిన కాలు. అది ఉన్నన్నాల్లూ నాకు దాని ఊసే తెలవనేదు. తీసేసినాక ఏలు ఏలూ తెలుస్తంది. ఇదేటి సోద్యం, సెప్పు?"

"ఇప్పుడది ఏటి సేస్తంది మావా?" అని అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. అలా అడిగినవాళ్ళు లేరు కాబోలు. కళ్ళు మూసుకున్నాడు. మడమ కిందికి వస్తోందన్నాడు. నా చెయ్యి దానంతటదే పెట్టె మీద పడింది.

"తొందరెందుకు? ఇంకా దింపనేదు" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

ఆగాను. ఏటి మీద గాలి వీచింది. దూరంగా ఎక్కడో పడవ ఇంజను మొదలైంది.

"ఇప్పుడు."

కొట్టాను. ఆయన కుడికాలి చెప్పు పలక మీద బదులు చెప్పింది. మళ్ళీ ఆగాను. ఈసారి ఆయన చెప్పనక్కరలేకపోయింది. ఆయన గడ్డం కొద్దిగా కదిలినప్పుడు నా చెయ్యి దిగింది. అలా ఎంతసేపు సాగిందో తెలియదు. నేను తల తిప్పేసరికి అప్పలమ్మ అత్త రొయ్యల చేట పట్టుకుని వంతెన మొదట్లో నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

కొన్నాళ్ళకు ఆయనే ఫోన్ చేశాడు. జార్జ్ టౌన్‌కి వస్తాననీ, తన ఎడమకాలు నేనే వాయించాలనీ చెప్పాడు. నాకు భయం వేసింది. కాదనలేకపోయాను.

ప్రదర్శన మధ్యాహ్నం. వేదిక నడుమ కుర్చీలో మావ కూర్చున్నాడు. కుడికాలికి బూటు ఉంది. ఎడమ ప్యాంటు కాలు మడిచి పిన్నులు పెట్టించుకున్నాడు. దాస్తే జనం ఆట చూడరు, దాచినదాన్నే వెతుకుతారన్నాడు. ఆ కాలు ఉండాల్సిన చోట నా చెక్కపెట్టె. నర్తకులు వెనక అర్ధచంద్రంగా నిలబడ్డారు. యాప్ గారు నాలుగు స్వరాలు మీటి ఆగారు. ముందు వరసలో ఒకావిడ తల దించుకుంది. మావ కుడికాలు పలికింది, నా చెయ్యి పలికింది. మెల్లగా రెండూ ఒక మనిషి నడకలాగా కలిశాయి. తల దించుకున్నావిడ ఎప్పుడు ఎత్తిందో నేను చూడలేదు.

సగంలో నా చూపు ఆ మడత పెట్టిన గుడ్డ మీద పడింది. చెయ్యి లేవలేదు. ఎడమకాలు పడాల్సిన చోట ఏమీ పడలేదు. మావ దాన్ని కప్పిపుచ్చడానికి తన కుడికాలితో ఏదైనా వాయించి ఉండవచ్చు. ఆయనకది చిటికెలో పని. కానీ కాలు గాల్లోనే ఉంచి, నా వైపు తిరిగి ఆగాడు. ఆ చూపులో కోపం లేదు, హెచ్చరిక లేదు. రోడ్డు దాటేటప్పుడు వెనకబడ్డ మనిషి కోసం ఆగినట్టు ఆగాడు. నేను ఊపిరి తీసుకున్నాను. చెయ్యి దిగింది. ఆ తర్వాతే ఆయన కాలు దిగింది. వెనకనుంచి నాదియా, మిగతావాళ్ళు ఒక్కసారిగా అందుకున్నారు.

ఆ నిశ్శబ్దం కావాలని పెట్టిందే అనుకుని చాలామంది మెచ్చుకున్నారు. యాప్ గారు మాత్రం నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

తర్వాత మావ కౌలాలంపూర్ తిరిగి వచ్చాడు. కృత్రిమ కాలు పెట్టుకుని నడిచేవాడు గానీ దానితో ఎన్నడూ ఆడలేదు. కుర్చీలో కూర్చునే బృందాన్ని నడిపాడు. పోయినేడు మూత్రపిండాలు దెబ్బతిని హుటాన్ మెలింటాంగ్‌లోనే కన్నుమూశాడు. మేమంతా వెళ్ళాం. ఆ వంతెన మీద ఎవరైనా ఆడతారేమోనని ఊళ్ళోవాళ్ళు చూశారు. ఎవరికీ ఆడాలనిపించలేదు. అప్పలమ్మ అత్త పక్కన కూర్చుని, ఆమె చెప్పే చిన్ననాటి కబుర్లు విని వచ్చాం. ఇప్పుడు బృందాన్ని నాదియా నడుపుతోంది. నేను ఇంకా వాయిస్తూనే ఉన్నాను.

అయితే ఆయన నేర్పింది నాకు ఎక్కువగా అక్కరకొస్తున్నది వేదిక మీద కాదు. నా కూతురు బడిలో మలయ్, స్నేహితురాళ్ళతో ఇంగ్లీషు, టీవీ ముందు తమిళం. తెలుగు అర్థమవుతుంది గానీ నోట రాదు. వాక్యం మొదలుపెట్టి మధ్యలో మాట దొరక్క ఆగిపోతుంది. మునుపు నేను వెంటనే అందించేసేదాన్ని. అది తలూపి ఊరుకునేది, వాక్యం నాదైపోయేది. ఇప్పుడు అందించను. దాని కళ్ళలోకి చూస్తూ ఆగుతాను. ఆ కాసేపు దాని నోట్లో మాట పైకి లేచి, ఎక్కడ దిగాలో చూసుకుంటూ ఉంటుంది. దాన్ని తొందరపెట్టకూడదు.

నిన్న సాయంత్రం అది కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. "అమ్మా, వాన ఇంకా..." అని ఆగింది. పెదాలు కదిలాయి. మలయ్ మాట ఒకటి వచ్చింది, కాదనుకుని తల అడ్డంగా ఊపింది. చేస్తున్న పని ఆపేసి చూస్తున్నాను.

"వాన ఇంకా ఆగనేదు" అంది.