నేను చూసిన వీపు

పోలీసుల పనితీరు గమనించడానికి ఊరివాళ్ళతో ఒక కమిటీ వేస్తున్నారనీ, అందులో ఒక ఆడమనిషి తప్పనిసరిగా ఉండాలనీ మా హెడ్మాస్టరు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ ఊళ్ళో పుట్టినప్పటి నుంచీ మమ్మల్ని గమనించింది వాళ్ళే. కోలారు బంగారు గనులు మూతబడ్డాక కూడా పాత ఇనుము ఎవరు ఎత్తుకుపోతున్నారా అని మా సంచుల వంక చూసేవాళ్ళు. అలాంటిది మేము వాళ్ళను గమనించడమా? నవ్వుకున్నాను గానీ, ఒప్పుకోవడానికి ఒక్క పూట కూడా ఆలోచించలేదు. మా వీధిలో పాలు పోసే ఆయనకు కూడా చెప్పుకున్నాను.

కమిటీ అంటే ముగ్గురం. ఛైర్మన్ గని ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి. రెండో ఆయనకు మెడికల్ షాపు ఉండేది. మూడోది నేను, బడిపంతులమ్మను. నెలకొక శనివారం, బడి ఒంటిపూట వదిలాక స్టేషన్లో కూర్చునేవాళ్ళం. నేను లోపలికి వెళ్ళగానే ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడి “మేడం” అని కుర్చీ చూపించేవాడు. ఇంట్లో నేను వస్తే లేచి నిలబడేవాళ్ళు ఎవరూ లేరు. ఆ కుర్చీ నాకు నచ్చింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను చెప్పబోయే సాకులన్నీ దీని ముందు పనికిరావు.

ఎవరైనా పోలీసుల మీద ఫిర్యాదు తెస్తే వినేవాళ్ళం. ఛైర్మన్ ఇద్దరికీ నాలుగు మంచి మాటలు చెప్పేవాడు. ఇన్‌స్పెక్టర్ తల ఊపేవాడు. చివరికి రాజీ. మాకు కప్పూ సాసర్లలో కాఫీ వచ్చేది. ఫిర్యాదు తెచ్చినవాళ్ళు నిలబడే ఉండేవాళ్ళు. వాళ్ళకూ ఒక కుర్చీ వెయ్యమని నేను ఏనాడూ అనలేదు.

అలాంటి ఒక శనివారం ఆమె వచ్చింది. మా ఊళ్ళోనే, ఆండర్సన్‌పేటలో ఆటోస్టాండు పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్న మనిషి. తాతల కాలంలో చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికి వచ్చిన కుటుంబం. భర్త గనిలో దుమ్ము పీల్చీ పీల్చీ, చివరికి ఊపిరాడక పోయాడు. తమ్ముడు పాత ఇనుము దొంగిలించాడని పోలీసులు వెతుకుతున్నారు. తమ్ముడు దొరక్కపోయేసరికి అక్కను తెచ్చి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. వాడు ఎక్కడున్నాడో చెప్పమని హెడ్ కానిస్టేబుల్ లాఠీతో కొట్టాడు. ఆమె శిక్షేమీ వెయ్యమనలేదు. ఆ మనిషిని తన వీధి బీటు నుంచి మార్చమంది, అంతే. రోజూ పొద్దున్నే వచ్చి బండి ఎదురుగా నిలబడతాడట. భయంతో పిండి కింద పోసుకుంటోందట.

దెబ్బలు ఎక్కడ తగిలాయని ఛైర్మన్ అడిగాడు. వీపు మీద, అంది. మగవాళ్ళిద్దరూ గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. నేను ఆ కమిటీలో ఉన్నది దానికే.

పక్కనున్న ఫైళ్ళ గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. ఆమె గోడ వైపు తిరిగి రవిక వదులు చేసింది. గుడ్డ ఒకచోట వీపుకు అంటుకుపోయి ఉంటే, చప్పుడు చెయ్యకుండా మెల్లగా లాగింది. మూడు చారలు. మీద పసుపు రాసి ఉంది. పసుపు కింద తోలు కమిలి నల్లబడింది, ఒకచోట చిట్లి తడిగా ఉంది. కిటికీ పక్కనే ఉన్నాం, వెలుతురు బాగానే ఉంది. నాకు కనబడకపోవడం అనేది లేదు. అయ్యో తల్లీ అన్నాను. నా చేతులతో రవిక సర్దాను.

“చూసినారు గదమ్మా,” అంది. “మొగోళ్ళకి చూపించేదానికి నా చేత కాదు. మీరు చూసినారు, ఇంగ నాకు చాలు.”

బయటికి వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంది. ఇన్‌స్పెక్టర్ కన్నడంలో, ఎంతో మర్యాదగా, ఏమైనా ఉందా మేడం అని అడిగాడు. మా అమ్మాయికి బ్యాంకులో ఉద్యోగం వచ్చి, పోలీసు వెరిఫికేషన్ కాగితం ఆయన బల్ల మీదికి వచ్చి ఉంది. ఆ సంగతి అంతకు ముందే నవ్వుతూ చెప్పాడు. తప్పంతా ఆ కాగితం మీదికి తోసెయ్యాలని చాలా ఏళ్ళు చూశాను. కానీ నేనేం చెప్పినా ఆ కాగితం ఎలాగూ వెళ్ళేదే. అసలు సంగతి ఏమిటంటే, గదిలో అందరూ నేను ఏం చెబితే బాగుంటుందో దానికోసం ఎదురుచూస్తున్నారు. నలుగురిలో మంచిదాన్ననిపించుకోవడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. ఏవో మచ్చలున్నాయి, పాతవో కొత్తవో నాకు తెలీదు అన్నాను. కొత్త గాయాలేవీ కనబడలేదని ఛైర్మన్ పుస్తకంలో రాశాడు. నేను సంతకం పెట్టాను. కాఫీ కూడా తాగాను.

ఆమె ఊరుకోలేదు. ఎవరిచేతో అర్జీ రాయించి కోలారులో పై అధికారులకు పంపింది. నెల తిరిగాక అక్కడి నుంచి ఒక అధికారి విచారణకు వచ్చాడు. అప్పటికి ఆమె వీపు మానిపోయి ఉంటుంది. ఇంక సాక్ష్యమంటూ మిగిలింది నా కళ్ళే. రెండు రోజులు వంటింట్లో నాలో నేనే మాటలు కూర్చుకున్నాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే వెళ్ళాను.

ఆయన సుత్తి లేకుండా అడిగాడు. లాఠీ దెబ్బలు చూశారా, లేదా? హెడ్ కానిస్టేబుల్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె గుమ్మం దగ్గర ఉంది. చూశాను అంటే, మరి ఆ రోజు సంతకం ఎందుకు పెట్టారని అడుగుతాడు. మెడికల్ షాపాయన ముందు, ఛైర్మన్ ముందు, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తుంది. అది తప్పించుకోవడానికి, లేదు అన్నాను.

అధికారి ఆమె వైపు తిరిగాడు. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు.

“అమ్మగారు చెప్పినట్టే రాసుకోండి సార్. నేను చూపించినాను, ఆయమ్మ చూసినారు. ఇంగ చూపించేదానికి నా దగ్గర ఏమీ లేదు.”

సిగ్గుతో చచ్చిపోయాను అంటూ ఉంటారు. ఎవరూ చచ్చిపోరు. నేను ఇంటికి వెళ్ళి చపాతీలు చేశాను, అమ్మాయి రెండు ఎక్కువే తినింది.

కొన్నాళ్ళు ఆటోస్టాండు వైపు వెళ్ళకుండా చుట్టూ తిరిగి బడికి పోయాను. ఒకరోజు వాన పడుతుంటే ఆ దారినే పోవాల్సి వచ్చింది. ఇడ్లీ బండి లేదు. ఆటో అతన్ని అడిగితే, మాలూరులో ఇటుక బట్టీకి పనికి పోతోందని చెప్పాడు. బండి ఉండే చోట హెడ్ కానిస్టేబుల్ టీ తాగుతున్నాడు. నన్ను చూసి గ్లాసు కిందపెట్టి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను.

కమిటీకి రాజీనామా ఇద్దామని ఎన్నోసార్లు కాగితం ముందేసుకున్నాను. కారణం రాయాల్సిన చోట ఆగిపోయేదాన్ని. ఆరోగ్యం బాగాలేదని అబద్ధం రాయడానికి కూడా ధైర్యం చాలలేదు. నెలనెలా వెళుతూనే ఉన్నాను. కుర్చీ వేస్తూనే ఉన్నారు.

సంవత్సరం చివర స్టేషన్ ఆవరణలో షామియానా వేసి మా ముగ్గురికీ సన్మానం చేశారు. ఇన్‌స్పెక్టర్ మైకు ముందు నా గురించి చాలా గొప్పగా మాట్లాడాడు. మేడం పుణ్యమా అని ఈ మధ్య ఒక్క ఆడమనిషి కూడా ఫిర్యాదు పట్టుకుని మన స్టేషన్‌కి రాలేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచి శాలువా కప్పించుకున్నాను. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు.