పొయ్యి పక్కన సారు జీవాలు

బసవపున్నయ్య లెక్చరరుకు మనుషుల జ్వరాలు పట్టవు గానీ, కంటికి కనబడని జీవాలకు చలేస్తుందంటే ప్రాణం విలవిల్లాడిపోతుంది.

ఎనభైల్లో ఆయన దమ్మపేట అవతల, అడివి అంచున, ఇన్నమ్మ ఇంట్లో కిరాయికుండేవాడు. ఎక్కడికెళ్లినా జేబుల నిండా మట్టి తెచ్చేవాడు. దాన్ని నిమ్మరసం నీళ్లలో కలిపి, సీసాలు ఆమె పొయ్యి పక్కన పేర్చేవాడు.

"పొయ్యి ఆర్పకు ఇన్నమ్మా, మావాళ్లకు చలేస్తుంది."

"మీవాళ్లెవలు సారూ? నాకైతే బురద కనిపిస్తున్నది."

"మట్టిలో పుట్టారు. మరిగించినా చావరు. పులుపంటే పడిచస్తారు."

"మా ఆయన గూడ గంతే. చారు లేకుంటె ముద్ద దిగకపోతుండె."

ఒకసారి ముసురు పట్టిందని, పరీక్ష మధ్యలో లేచొచ్చి సీసాలకు దుప్పటి కప్పాడు. అక్కడ పిల్లలు హాయిగా చూసి రాసుకున్నారు.

ఇన్నమ్మ దవాఖానాలో ఆయా. ఎండాకాలం రాలిన మామిడికాయలేరి, రసం కాచి సీసాల్లో అమ్మేది. ఆ ఏడు మూత తీస్తే గుప్పున దవాఖానా వాసన! ఫినాయిలు దొంగిలించి, ఆ సీసాల్లోనే రసం పోసిందని కొత్త డాక్టరు తేల్చేశాడు. పనిలోకి రావద్దన్నాడు.

"యేసయ్య తోడు, చుక్క గూడ ముట్టలే!" అని ఇంటికొచ్చి ఏడ్చింది.

బసవపున్నయ్య సీసా వాసన చూశాడు. మొహం వెలిగిపోయింది. "మావాళ్లే! కాయల మట్టితో వచ్చి, పులుపు తాగి ఈ వాసన వదిలారు!"

"నా కొలువు పోతుంటె సంబురమా సారూ?"

ఆయన వినలేదు. కిరసనాయిలు స్టవ్వు పట్టుకెళ్లి దవాఖానా గుమ్మంలో బైఠాయించాడు. డాక్టరు ముందే రెండు గిన్నెల్లో రసం కాచాడు. ఒకదాంట్లో మాత్రం ఇన్నమ్మ మామిడిచెట్టు కింది మట్టి చిటికెడు వేసి మరిగించాడు. రెండు సీసాల్లో పోసి, డాక్టరు చేతే సీళ్లు వేయించి, ఎండ తగిలేచోట పెట్టించాడు. కొన్నాళ్లకు మూతలు తీస్తే ఒకటి మామిడి వాసన, మట్టి వేసింది దవాఖానా వాసన.

"ఇది అచ్చం ఫినాయిలు వాసనే గదండీ!" అన్నాడు డాక్టరు.

"నా జీవాలను పట్టుకుని ఫినాయిలంటారా? మా పరువేం కాను?" అని బసవపున్నయ్య అంతెత్తున లేచాడు. ఆ ధాటికి డాక్టరు ఆయనకూ, ఇన్నమ్మకూ కలిపి క్షమాపణ చెప్పేశాడు. కొలువు నిలిచింది.

"మీ రుణం తీర్సుకోలేను సారూ," అంది ఇన్నమ్మ.

"నీకోసమా? మావాళ్ల కోసం వెళ్లాను," అని కసిరాడు.

మర్నాడు ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి, ఆయన పెరట్లో నీళ్ల గోలెం ముందు కూర్చుని, కొబ్బరిపీచుతో మామిడికాయల మట్టి పోయేలా తోముతున్నాడు.

"మట్టి పోతె మీవాళ్లు గూడ పోతరు గద సారూ?"

"పోనీ వెధవలు! నీ కొలువుకే ఎసరు పెట్టినవాళ్లతో నాకేం చుట్టరికం? ఆ కాయ ఇటు అందివ్వు."