క్రీస్తుదాసు సారు గంజి ప్రయోగం

మా కాలేజీలో రికార్డు ముందు రాస్తారు, ప్రయోగం తర్వాత చేస్తారు. అదీ చేస్తే! సీనియర్ల రికార్డులో అంకెలు దింపుకుంటే పనైపోతుంది. టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీ మాది. నేను కెమిస్ట్రీ చెబుతాను. నేనూ ఆ తానులో ముక్కనే.

ఈ ఆనవాయితీతో తగవు పెట్టుకున్నది ఒక్క క్రీస్తుదాసు. బయోకెమిస్ట్రీ లెక్చరరు, పదకొండేళ్ల సర్వీసు, తిక్క బోలెడు. ఎంజైము ఎంత వేగంగా పనిచేస్తుందో పుస్తకం చదివితే ఒంటబట్టదని పిల్లల్ని ఇళ్ల నుంచి గంజి తెమ్మనేవాడు. గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నీలంగా మారుతుంది. ఉమ్మిలోని ఎంజైము గంజిని విడగొడుతుంది కాబట్టి, అందులో ఎవరి ఉమ్మి వాళ్లు కలిపి, ఆ నీలం పోయేదాకా ఫోనులో సెకన్లు చూసుకోవాలి. గంజి చిక్కదనం మార్చి మళ్లీ చేయాలి. "చూసిందే రాయుండ్రి. పుస్తకానికి భయపడకుండ్రి" అనేవాడు.

ఆ మాట నమ్మిన పిచ్చితల్లి కమ్లి. తండా నుంచి వచ్చే ఫైనలియర్ పిల్ల. ఈ ప్రాక్టికల్స్ గట్టెక్కితేనే ఆమెకు బీఈడీ సీటు. ఒక్కో రీడింగూ మూడుసార్లు తీసింది. ఏప్రిల్ ఎండకి గది ఉడికిపోతోంది, నీళ్ల వేడి నిలకడగా ఉంచే మిషను ఏనాడో చెడిపోయింది. పుస్తకంలో అంకెలు ముప్పై ఏడు డిగ్రీల దగ్గరివి, ఆమె అంకెలు వాటితో ఎట్లా కలుస్తాయి? గ్రాఫు పక్కన గది వేడి నలభై మూడు డిగ్రీలని కూడా రాసింది.

పరీక్షకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు రికార్డులు పుస్తకంతో పోల్చాడు. దింపుకున్న వాళ్లందరికీ నలభై దాటించాడు. కమ్లికి యాభైకి పన్నెండు వేసి షీటు క్రీస్తుదాసు ముందుకు తోశాడు. సరిగ్గా చేసింది ఈ పిల్లొక్కతే అని చెబితే, మిగతావన్నీ కాపీ అని ఒప్పుకున్నట్టే. రిజల్టు తగ్గితే వచ్చే ఏడు రావొద్దని ప్రిన్సిపాలు కిందటి వారమే ఆయనకు చెప్పి ఉన్నాడు. క్రీస్తుదాసు సంతకం పెట్టాడు. పక్కనే ఉన్న నేను నోరు మూసుకున్నాను. థూ, మా బతుకులు!

సప్లిమెంటరీకి ముందు, మేమిద్దరం ల్యాబులో ఉండగా కమ్లి వచ్చింది. సీటు అప్పటికే పోయింది. క్రీస్తుదాసు ఒక పాత రికార్డు తీసి, దింపుకొమ్మని ఆమె ముందు పెట్టాడు.

"చూసిందే రాయమన్నరు గద సార్. నేను చూసింది తప్పా?"

"కాదు బిడ్డా. నువ్వు చూసిందే నిజం. పరీక్షకు మాత్రం గిదే రాయి."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. స్కేలు అడిగి తీసుకుని గీతలు కొట్టుకుంది, ఒక్క అంకె పొల్లుపోకుండా ఎక్కించింది. ఆయనే అక్కడ ఉండలేక వరండాలోకి వెళ్లిపోయాడు.

ఈసారి కమ్లికి నలభై ఆరు వేశారు.