అక్క రైట్ అంటే గానీ

మా బావకు నోరు లేదు. ఉందిలెండి, తినడానికి. మాట్లాడటానికి మాత్రం ఆయన దాన్ని పెద్దగా వాడలేదు. సిటీ బస్సు డ్రైవరుగా చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా ఆయన తల వెనక ఒకటే బోర్డు ఉండేది: "డ్రైవరుతో మాట్లాడరాదు." మిగతా డ్రైవర్లు అది ప్రయాణికులకు రాసింది అనుకున్నారు. మా బావ తనక్కూడా అనుకున్నాడు.

ఆ లోటంతా మా అక్క తీర్చేది. అదే బస్సులో కండక్టరు. వెనక గుమ్మం దగ్గర నిలబడి "హోల్డాన్" అందంటే, ఊపిరి ఆడనంత జనంలోంచి కూడా ఆ మాట సూటిగా పోయి బావ చెవిలో పడాల్సిందే. డిపోలో అక్కని మైకు అనేవారు, బావని మూగాయన అనేవారు. ఇద్దరికీ ఆ పేర్లతో పేచీ లేదు.

బస్సు నడవడానికి రెండు మాటలు చాలు. ఆగాలంటే హోల్డాన్, కదలాలంటే రైట్. మిగతా కండక్టర్లు గొంతు అరిగిపోతుందని బస్సు రేకు మీద అరిచేత్తో చరిచేవాళ్ళు, ఒక దెబ్బ ఆగమని, రెండు దెబ్బలు పొమ్మని. మా అక్క జన్మలో చరవలేదు. "బస్సేమన్నా మొండి గేదా, వీపు మీద కొట్టి తోలడానికి? దేవుడు నోరిచ్చాడు కదా!" అనేది. బావ కూడా అలాగే అలవాటు పడ్డాడు. అక్క రైట్ అందంటే హోల్డాన్ అనేదాకా ఆగడు, హోల్డాన్ అందంటే రైట్ అనేదాకా కదలడు. ఒకసారి అక్క ఎవరో ముసలావిడను రోడ్డు దాటించడానికి దిగితే, బస్సులో ఒక ఆకతాయి ఆడగొంతు పెట్టి "రైట్ రైట్" అన్నాడట. బావ రాయిలా కూర్చున్నాడు. అక్క ఎక్కి అసలు రైట్ చెప్పాక అద్దంలోకి చూసి, "ఇందాకటిది దొంగ రైట్" అని ఒక్క ముక్క అన్నాడు. ఆ నెలలో ఆయన డ్యూటీలో మాట్లాడింది అదేనని డిపోలో చెప్పుకునేవారు.

పెళ్ళి కూడా అంతే. క్యాంటీన్లో అక్క ముందు టీ గ్లాసు పెట్టి, ఎదురుగా నిలబడి నీళ్ళు నమిలాడట. "ఏంటండీ, చిల్లర కావాలా?" అంది అక్క. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన చెవులు ఎర్రబడటం చూసి అక్కకి అర్థమైంది. టీ అంతా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, "రైట్" అంది.

పిల్లలు కలగలేదు. ఒకరికొకరు పిల్లలైపోయారు. డిపో, మార్కెట్టు, ఆసుపత్రి, మళ్ళీ డిపో. గానుగెద్దుల్లా అదే రోడ్డు మీద తిరిగి తిరిగి ఇద్దరూ ఒకేసారి రిటైరయ్యారు. మా ఊరు దేశానికి ఇటు కొసన సముద్రం పక్కన ఉంది. అటు కొసన ఇంకో సముద్రం ఉందని, రోడ్డు మీదే పోయి దాన్ని చూడాలని అక్కకి చిన్నప్పటి నుంచీ ఉబలాటం. బావ ఎవరితోనూ చెప్పకుండా పోయి ఒక కొత్త ట్రక్కు కొన్నాడు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక ట్రక్కు వీపు మీద ఎత్తి పెట్టినట్టు ఒక గది. గదిలో మంచం, స్టవ్వు, గిన్నెలు కడుక్కునే చిన్న తొట్టి, మడతపెట్టే బల్ల. మా వీధి దానికి ఇల్లుబండి అని పేరు పెట్టింది.

నాది బళ్ళకి సీటు కవర్లు కుట్టే షాపు. దాని పరుపూ దిండ్లూ కర్టెన్లూ నేనే కుట్టాను. అంతా అయ్యాక బావ స్టీరింగు పక్కనున్న తెర చూపించాడు. బండి వెనక్కి నడిపితే వెనకున్నదంతా అందులో కనిపిస్తుంది.

"దీనికో తొడుగు కుట్టు బామ్మర్దీ. కళ్ళలో పొడుస్తోంది."

"మరి వెనక్కి ఎలా పోతావు? ఆ గది అడ్డం, అద్దాల్లో ఏం కనపడదు."

"మీ అక్క ఉందిగా."

మిగిలిన నీలం రెక్సిను ముక్కతో, గుండీ పెట్టి మరీ కుట్టి ఇచ్చాను.

అప్పటికే అక్క గొంతు బొంగురు పోయి కొన్నాళ్ళయింది. మైకుకి సెల్లు అయిపోయిందని నేనే ఏడిపించాను. తేనె, వేడినీళ్ళు, పుక్కిలింతలు, అన్నీ అయ్యాయి. చివరికి డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూశాడు, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. ఫలితం వచ్చిన రోజు ముగ్గురం ఆయన గదిలో కూర్చున్నాం. గొంతులో మాట పలికే పెట్టె మొత్తం తీసేయాలన్నాడు. ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఉండదన్నాడు. గోడ మీద గొంతు బొమ్మ ఉంది. బావ దాన్ని చూస్తూ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంకో దారే లేదా?" అని, అదంతా డాక్టరే తెచ్చి పెట్టినట్టు అరిచాను. పాపం, ఆయన లేదని మెల్లగా చెప్పాడు. వచ్చే నెలలో ఆపరేషను, ఈలోగా ఊపిరి ఈల వేస్తే వెంటనే రావాలన్నాడు.

అక్క అడిగింది ఒక్కటే. "ఈలోగా ఊరెళ్ళొచ్చా అండీ?"

వెళ్ళొచ్చన్నాడు ఆ మహానుభావుడు.

ఇంటికొచ్చాక బావ నా వంక చూసిన చూపు నేను మర్చిపోను. నువ్వైనా ఆపరా అని ఆ చూపు. ఆపాను. అంటే, ఆపడానికి నోరు పారేసుకున్నాను. నోరున్నవాడిదే రాజ్యం అంటారు, మా ఇంట్లో ఆ నోరు ఎప్పుడూ అక్కదే. "ఎలాగూ పోయే గొంతేగా తమ్ముడూ, ఖర్చు పెట్టుకుని వస్తా. ఇన్నాళ్ళూ ఆయన ముందు, నేను వెనక. పక్కన కూర్చుని ఎప్పుడు మాట్లాడాను?" అంది.

వీధంతా వచ్చి నిలబడింది. అక్క క్యాబిను ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపి, "డ్రైవరు గారూ, రైట్ రైట్!" అంది. రెండో రైట్ మధ్యలో చీలింది. అందరూ చప్పట్లు కొట్టారు. బావ గేరు వేశాడు.

రోజూ సాయంత్రం ఫోను వచ్చేది. మొదట్లో అక్కే మాట్లాడేది, బొంగురుగానే అయినా గడగడా. "ఒరే, మీ బావ ఏ ఊళ్ళో బస్‌స్టాపు కనపడినా బండి పక్కకి తీసి ఆపేస్తున్నాడ్రా! కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోందట. నేను రైట్ అనేదాకా కదలడు. ఇవాళ ఇద్దరు ముసలమ్మలు సంచుల్తో ఎక్కి మన మంచం మీద కూర్చున్నారు. పక్క ఊళ్ళో దింపాం. టికెట్ కొట్టలేదు, అదొక్కటే వెలితి."

దారి పొడుగునా ఆయనకి బస్సు వెనక జరిగిందంతా చెబుతోందట. ఏ స్టాపులో ఎవరి జేబు తెగింది, ఏ కాలేజీ పిల్ల ఏ కుర్రాడి కోసం రెండు బస్సులు వదిలేసేది, ఆసుపత్రి స్టాపు ఇంకా రాకముందే ఒకావిడ ప్రసవిస్తే అక్క తన యూనిఫారం కోటులో బిడ్డని ఎలా చుట్టింది. బావ ఆ రోజు కూడా రోడ్డే చూస్తూ బండి తోలాడు. ఇప్పుడు అవన్నీ విని, "వెనకాల ఇంత జరిగిందా!" అన్నాడట. అన్నేళ్ళు తోలిన బస్సులో సగం ఆయన ఇప్పుడు చూస్తున్నాడు, అదీ అక్క గొంతులోంచి. ఆ గొంతేమో రోజురోజుకీ సన్నబడుతోంది.

తర్వాత ఫోనులో బావే మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఇక్కడ గాలి బాగుందట."

"ఎవరన్నారు?"

"మీ అక్క."

"అక్కకి ఇవ్వు."

ఇచ్చేవాడు. సీసాలోకి గాలి ఊదినట్టు వినిపించేది. నేను అర్థమైనట్టు ఊఁ కొట్టేవాణ్ణి. ఇంకేం చేయను? వెనక్కి రమ్మంటే అక్క వినదు, ముందుకు పొమ్మనడానికి నాకు నోరు రాదు. షాపులో కత్తెర పట్టుకుని కూర్చుని కొలతలు తప్పు కోసేవాణ్ణి.

దేశంలో సగం దాటాక ఒక చిన్న ఊరి చివర, బళ్ళు నిలుపుకునే మైదానంలో రాత్రికి ఆగాలనుకున్నారు. అక్కడొక సిమెంటు నీళ్ళ తొట్టి ఉంది. దాని పక్కకి వెనక్కి పెట్టాలి. ఎప్పట్లాగే అక్క దిగి బండి వెనక్కి పోయింది. ఆ పూట గొంతు కొంచెం తేరుకుంది కూడా. "రైట్" అంది, బావకి వినపడింది. బండి వెనక్కి కదిలింది. తెర మీద నా నీలం తొడుగు గుండీ పెట్టినది పెట్టినట్టే ఉంది.

తొట్టి దగ్గరపడింది. అక్క హోల్డాన్ అంది. మాట రాలేదు. మళ్ళీ అంది. గాలి కూడా రాలేదు. బండి వస్తూనే ఉంది, ఎందుకు ఆగుతుంది? ఆయనకి హోల్డాన్ వినపడలేదు కదా. ఇంకే కండక్టరైనా రేకు మీద ఒక్క చరుపు చరిచేవాడు, పని అయిపోయేది. మా అక్కకి ఆ అలవాటే లేదు. చేతులు గొంతు మీదికి పోయాయి గానీ బండి మీదికి పోలేదు. ఆఖరి క్షణంలో పక్కకి దూకి పడింది. గది వెనక గోడ తొట్టికి కొట్టుకుని లోపలికి పోయింది.

బావ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అక్క నేల మీద కూర్చుని ఉంది, మోకాలు చెక్కుకుపోయింది. ఆయన వంక చూస్తూ నోరు గబగబా ఆడిస్తోంది.

"నన్ను తిడుతోంది అనుకున్నా బామ్మర్దీ," అన్నాడు తర్వాత నాతో. "తిట్టు వినపడలేదు."

ఆ ఊరి ఆసుపత్రిలో డాక్టరు చూశాడు. వాపు పెరిగింది, గొంతు ఇక రాదు, ఊపిరికి మందు ఇస్తున్నాను, ఆలస్యం చేయకుండా మీ ఆసుపత్రికి వెళ్ళిపొండి అన్నాడు. రాత్రే బావ ఫోనులో నాకిదంతా చెప్పాడు, మర్నాడు పొద్దున మళ్ళీ ఫోను వచ్చింది. వెనకాల ఇంజను చప్పుడు.

"ఎక్కడున్నావ్ బావా?"

"ఇక్కడే. ఆసుపత్రి గేటు దగ్గర."

"ఇంకా బయల్దేరలేదా? ఏమైంది, బండి పాడైందా?"

"బాగానే ఉంది." ఇంజను ఒకసారి గట్టిగా మోగి తగ్గింది. తర్వాత, "మీ అక్క అంటోంది. పెదాలు కనపడుతున్నాయి. కాలు కదలట్లేదు. నువ్వు అను ఒకసారి."

"ఏంటి అనేది?"

"రైట్ అను."

షాపులో సీటు కవరు కోసం వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. నేను ఫోనులో "రైట్" అన్నాను. మళ్ళీ గట్టిగా, "రైట్, రైట్!" అన్నాను.

"ఊహూఁ," అన్నాడు బావ. "దొంగ రైట్."

నవ్వులాటకి అనలేదు. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అంత దూరంలో వాళ్ళిద్దరూ, ఇక్కడ నేను, మధ్యలో సగం దేశం, ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. చివరికి వెనకాల అంబులెన్సువాడు హారను మీద హారను కొడితే ఆ బండి కదిలింది. గేటు బయట రోడ్డు రెండు వైపులా ఉంది. అక్క వేలు సముద్రం వైపు చూపించిందట. బావ బండి ఇంటి వైపు తిప్పాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు కదా, ఆయన గొయ్యే ఎంచుకున్నాడు. అక్క మాట కాదని ఆయన బండి నడపడం జీవితంలో అదే మొదలు.

తిరుగుదారంతా మాట్లాడింది బావే. అక్క వినడానికి ఆయన ఏం చెప్పగలడు? ఆయన జీవితమంతా చూసింది రోడ్డు. కాబట్టి రోడ్డే చెప్పాడు. "ముందు లారీ ఉంది. ఇప్పుడు దాటుతున్నా. ఎడమ పక్కన గొర్రెలు. మలుపొస్తోంది, పట్టుకో." అలా సగం దేశం చెప్పుకుంటూ తీసుకొచ్చాడు. ఏ బస్‌స్టాపులోనూ ఆగలేదు.

ఆపరేషను రోజు పొద్దున అక్కని చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. నేను కాళ్ళ వైపు నిలబడ్డాను, బావ తల వైపు, పక్కనున్న ఇనప కమ్మీ పట్టుకుని. వార్డు మనిషి తోశాడు. మంచం కదల్లేదు. చూస్తే బావ కమ్మీని బిగించి పట్టుకుని ఉన్నాడు.

"వదలండి పెద్దాయనా, టైమైంది," అన్నాడు వార్డు మనిషి.

అక్క తల తిప్పి బావని చూసింది. పెదాలు కదిలాయి. ఏమందో నాకే తెలిసింది, ఆయనకి తెలియదా?

"వినపడలేదు," అన్నాడు బావ.

అక్క మళ్ళీ అంది.

"వినపడలేదు. గట్టిగా అను."

వార్డు మనిషి నా వంక చూశాడు. బావ చెయ్యి విడిపించమని ఆ చూపు. నా వల్ల కాలేదు. థియేటరు తలుపు దగ్గర నర్సు పిలుస్తోంది. బావ కళ్ళలోంచి నీళ్ళు కారి అక్క దిండు మీద పడుతున్నాయి, ఆయన తుడుచుకోవడం లేదు, తుడుచుకోవాలంటే చెయ్యి వదలాలి.

అక్క కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీసింది. మంచం పక్క రేకు మీద అరిచేత్తో చరిచింది. ఒకటి. రెండు.

బావ కమ్మీ వదిలేశాడు. బండి కదిలింది.